రెండో కాపీ

వెల్డన్ క్రాసింగులో ఆర్లో ప్రూయిట్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరూ మేజరు గారనే అంటారు. సగం మర్యాదకి, సగం ఆట పట్టించడానికి. వారమంతా మెయిన్ రోడ్డు మీది కొట్లో కూర్చుని జీనులూ కళ్లేలూ బూట్లూ కుట్టుకునే మనిషి, మంగళవారం సాయంత్రం అయ్యేసరికి యూనిఫారం తొడుక్కుని, గుర్రాన్ని అదిలించే ఇనప ముళ్లు మడమలకు బిగించుకుని, దాణాకొట్టు మేడ మెట్లు ఖణఖణమంటూ ఎక్కుతుంటే నవ్వు రాదూ మరి? కింద దాణా బస్తాలు మోసేవాళ్లు పని ఆపి మరీ చూసేవాళ్లు.

నవ్వితే నవ్వారు గానీ అందులో అబద్ధమేం లేదు. ఆర్లో నిజంగా మేజరే. పెద్ద యుద్ధం అయిపోయాక, మళ్లీ ఎప్పుడైనా అవసరం పడుతుందేమోనని, మా కాన్సస్‌కీ పక్క రాష్ట్రాలకీ కలిపి ఒక రిజర్వు ఆశ్వికదళ డివిజన్ పెట్టారు. కాగితం మీద చూస్తే కళ్లు తిరుగుతాయి. ఏడు వేల గుర్రాలు, అంతకు మించి మనుషులు. తీరా చూడబోతే గుర్రమూ లేదు, సిపాయీ లేడు. ఉన్నదల్లా ఆఫీసర్లు. వాళ్లేమో మందుల కొట్టువాళ్లు, బడిపంతుళ్లు, రైతులు. యుద్ధం వచ్చిన రోజున మనుషుల్నీ గుర్రాల్నీ సర్కారే ఇస్తుంది, అంతదాకా మీరు నేర్చుకుంటూ ఉండండి అన్నారు. ఇరవై ఏళ్లు నేర్చుకుంటూనే ఉన్నారు పాపం.

ఆ డివిజన్‌లో ఒక స్క్వాడ్రను ఆర్లోది. అతనితో కలిపి ఏడుగురు. మేడ మీద పెద్ద బల్ల, బల్ల మీద మ్యాపు, మ్యాపు మీద అగ్గిపెట్టెలు. ఒక్కో అగ్గిపెట్టె ఒక దళం. దాని చుట్టూ పోసిన మొక్కజొన్న గింజలు రౌతులు. వాటిని వాగులు దాటిస్తూ, కొండల వెనక దాస్తూ, వారం వారం ముట్టడులు చేసేవాళ్లు. ఓసారి ఎలుక వచ్చి ఒక దళాన్ని పూర్తిగా తినిపోయింది. ఆర్లో మొహం ముడుచుకోకుండా ఆ దళం హతమైందని రాసుకుని, మిగిలినవాళ్లతో యుద్ధం కొనసాగించమన్నాడు. అలాంటి మనిషి.

అది చాలక పోస్టులో పాఠాలు. చదివి, జవాబులు రాసి, తిప్పి పంపాలి, లేకపోతే అయిదేళ్లకోసారి ఇచ్చే హోదా కాగితం మళ్లీ రాదు. వేసవిలో రెండు వారాలు కంటోన్మెంటుకి పిలిచేవాళ్లు. అక్కడ అసలు సైన్యం వాళ్లు 'కాగితం రౌతులొచ్చార్రోయ్' అని ఎగతాళి చేసి, ఎవరూ ఎక్కని గుర్రాల్ని ఏరి వీళ్లకిచ్చేవాళ్లు. ఆర్లో వాటినే ఎక్కి, సాయంత్రానికి మచ్చిక చేసి అప్పజెప్పేవాడు. ఎగతాళి చేసిన నోళ్లే రెండేళ్లలో మూతపడ్డాయి.

ఎందుకీ తిప్పలు అంటే, దానికో కారణం ఉంది. వెయ్యిన్నీ తొమ్మిదివందల పద్దెనిమిదిలో ఆర్లో సార్జెంటు. ఫ్రాన్సు పోయే ఓడ ఎక్కడానికి రేవు దాకా వెళ్లాడు. రేవులో నిలబడి ఉండగానే యుద్ధం అయిపోయిందన్నారు. వెనక్కి ఇంటికొస్తే మంగలి షాపులో ముసలాళ్లు, 'ఏమోయ్, ఎంతమందిని చంపొచ్చావేం?' అని అడిగారు. అడిగి ఊరుకున్నారు గానీ అతనికి మాత్రం అది లోపల ఉండిపోయింది. బతుకులో ఒక్కసారి, తను తయారుచేసిన మనుషుల ముందు నడిచి యుద్ధానికి పోవాలి. ఆ ఒక్కటే అతని కోరిక. అదేమంత పెద్ద కోరికని?

ఇల్లాలు హుల్డాకి ఆ మాటే గిట్టదు. ఆమె అన్న ఆంటన్ అదే యుద్ధానికి పోయి ఫ్రాన్సు మట్టిలోనే ఉండిపోయాడు. అయినా మంగళవారం మంగళవారం క్యాబేజీ, మాంసం కూరిన రొట్టెలు చేసి ఏడుగురికీ పంపేది. యూనిఫారం ఇస్త్రీ చేసేది. ఒక్కటంటే ఒక్క మాట అనేది కాదు.

నలభై ఒకటో సంవత్సరం అక్టోబరులో కర్నల్ లోరింగ్ వచ్చాడు. ఆయన అసలు సైన్యం మనిషి, ఇలాంటి స్క్వాడ్రన్లకు పాఠాలు చెప్పడం ఆయన ఉద్యోగం. మా ఊరొచ్చినప్పుడల్లా ఆర్లో ఇంట్లోనే భోజనం. ఆ సాయంత్రం మాత్రం ఏమీ తినలేదు. మేడ మీద కూర్చుని అందరికీ ఫారాలు పంచాడు. సైన్యం సంగతి తెలిసిందేగా, ఏ కాగితమైనా రెండేసి కాపీలు, ఒకటి పంపడానికి, ఒకటి దగ్గరుంచుకోడానికి.

"గుర్రాల రోజులు అయిపోవచ్చాయి" అన్నాడాయన. "ట్యాంకుల్లోకి మారదలచినవాళ్లు నవంబరు నెలాఖరులోగా ఇది నింపి నాకు పంపండి. ఎవరి ఇష్టం వాళ్లది. నేను ఇంతకంటే చెప్పకూడదు."

"మేం ఎవరమూ మారకపోతే?" అన్నాడు ఆర్లో.

లోరింగ్ టోపీ తీసి చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు. "ఆలోచించుకోండి మేజర్" అన్నాడు చివరికి. రైలు టైమయిందని లేచాడు.

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. ముందు నోరు విప్పినవాడు క్లైడ్ నోవాక్. మందుల కొట్టు యజమాని, ఆర్లోకి చిన్నప్పటి నేస్తం, స్క్వాడ్రనులో అతని తర్వాతివాడు. "ఏం ఆలోచించడానికుంది? పద్దెనిమిదేళ్లు కలిసి తిన్నాం, కలిసి తిరిగాం. పోతే ఏడుగురం కలిసే పోదాం, ఆగితే ఏడుగురం కలిసే ఆగుదాం. మనల్ని విడదీసి వాళ్లేం బావుకుంటారు?" అని ఫారం నిలువునా చించి పొయ్యిలో వేశాడు.

ఆ ఊపులో అందరూ లేచారు. అందరికంటే చిన్నవాడు డెల్మర్ ఆష్, బడిపంతులు, వాడైతే కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చించాడు. ఆర్లో తన రెండు కాపీలూ కలిపి చించాడు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఇంటికెళ్లి ఆర్లో ఆ ముచ్చటంతా చెప్పాడు. హుల్డా కాఫీ పోస్తూ విని, "మంచిది" అంది.

డిసెంబరు మొదటి ఆదివారం మన యుద్ధనౌకల మీద బాంబులు పడ్డాయి. సోమవారం యుద్ధం ప్రకటించారు. మంగళవారం మేడ మీద ఆర్లో మొహం చూడాలి. నవ్వకూడదని పళ్లు బిగబట్టుకున్నాడు. జనం చచ్చిపోతుంటే సంతోషించడమేంటని తనని తనే తిట్టుకున్నాడు, కానీ సంతోషం ఆగితేగా? రేపో మాపో పిలుపొస్తుంది, నా స్క్వాడ్రను కదులుతుంది అని రోజుకి మూడుసార్లు పోస్టాఫీసుకి తిరిగాడు. నాలుగోసారి వెళ్తే పోస్టుమాస్టరు, "మేజరు గారూ, టపా బండి రోజుకి ఒక్కసారే వస్తుంది, మీ కోసం రెండోది వెయ్యరు" అన్నాడు.

క్రిస్మస్ వెళ్లింది. జనవరి సగం వెళ్లింది. అతని పేర ఏమీ రాలేదు. ఈలోగా మంగళవారాలు పలచబడ్డాయి. ఒకడికి జలుబు, ఒకడి ఆవు ఈనింది, ఒకడికి లెక్కలు చూసుకోవాలి. వచ్చినవాళ్లు కూడా అతని కళ్లలోకి చూడకుండా గింజలు అటూ ఇటూ జరిపేవాళ్లు. యుద్ధం భయం పట్టుకుందేమోలే, పెళ్లాం బిడ్డలున్నవాళ్లు అని ఆర్లో జాలి పడ్డాడు. జాలి! ఆ మాట తర్వాత తల్చుకున్నప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

ఒక శుక్రవారం పొద్దున డెల్మర్ తల్లి అగాథా కొట్లోకి వచ్చింది. చేతిలో పేపర్లో చుట్టిన బూట్లు.

"నాయనా ఆర్లో, ఇవి మావాడి బూట్లు. ఈ మడమ వెనకాల మెట్టున్నదే, అది కోసేసి నున్నగా చెయ్యాలిట. ఆదివారం లోపల కావాలి."

ముల్లు కిందికి జారకుండా ఆనుకోడానికి రౌతుల బూటు మడమ వెనక తోలుతో చిన్న మెట్టు కుడతారు. ఆ బూట్లు కుట్టింది ఆర్లోనే. ఆ మెట్టు పెట్టించుకోవడానికి డెల్మర్ మూడు నెలల జీతం దాచుకున్నాడు.

"ఏమ్మా, నడుస్తుంటే ఒరుసుకుంటోందా?"

"ఒరుసుకోవడం కాదు నాయనా, ట్యాంకులోకి దిగేటప్పుడు తగులుకుంటుందిట. ముళ్లతో ఇంక పనేముంది? సోమవారం బండికి పోవాలి. కెంటకీలో ట్యాంకుల బడిట. నీకు చెప్పేదేముంది, పై ఆఫీసరువి నువ్వేగా."

ఆర్లో బూటు చేతిలో తిప్పి చూశాడు. చూపు దాని మీద నిలవలేదు. "అవునవును" అన్నాడు. "దరఖాస్తు ఎప్పుడు పెట్టాడో మర్చిపోయానమ్మా."

"ఆ కర్నలు వచ్చి వెళ్లిన మర్నాడేగా. నేనే పోస్టులో వేశాను. రెండో కాపీ మీద రాశాడు, ఒకటి ఎక్కడో చింపుకున్నాడు వెధవ" అంది ఆవిడ. ఆవిడకి ఇందులో దాచాల్సిందేముందో తెలియదు. వాడి ఊలు బనీన్ల సంగతి, కెంటకీ చలి సంగతి ఇంకాసేపు మాట్లాడి వెళ్లిపోయింది.

ఆర్లో కూర్చున్నచోటే కూర్చున్నాడు. కుర్రాడు, భయపడ్డాడు, తప్పేముందిలే అనుకోవాలని చూశాడు. అనుకోలేకపోయాడు. ఆ కళ్లనీళ్లు గుర్తొచ్చాయి. కత్తి తీసి మెట్టు శుభ్రంగా కోసి, అంచు నున్నగా రుద్ది, రంగు వేసి, తుడిచి పక్కన పెట్టాడు. పని పనే. తర్వాత కొట్టుకి తాళం వేసి రోడ్డు దాటి మందుల కొట్టుకెళ్లాడు, క్లైడ్‌కి చెబుదామని. నమ్మకంగా చెప్పుకోడానికి అతనికి ఇంకెవరున్నారు?

క్లైడ్ తక్కెట్లో ఏదో పొడి తూస్తున్నాడు.

"డెల్మర్ రెండో కాపీ మీద రాసి పంపాడటరా" అన్నాడు ఆర్లో.

తక్కెడ ఆగిపోయింది. క్లైడ్ తలెత్తలేదు. ఆ తలెత్తకపోవడం చాలు ఆర్లోకి. నలభై ఏళ్ల నేస్తం, వాడి మెడ చూసి చెప్పగలడు వాడి మనసులో ఏముందో.

"నువ్వు కూడానా?"

"ఒరే, నేనొక్కణ్ణే అనుకున్నాన్రా. ఒట్టు. మీరు ఆరుగురూ ఉంటారు, నేనొక్కణ్ణి జారుకుంటే ఏమవుతుందిలే అనుకున్నాను. మొన్న ఆర్డర్లు వచ్చాక తెలిసింది, ఆరుగురం ఆరుగురమూ అలాగే అనుకున్నామని. ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లం."

"ముందు చించింది నువ్వు."

"ముందు చించినవాణ్ణి నేనే. ఇంటికెళ్లాక నిద్ర పట్టలేదు. నాకు నలభై మూడు. డివిజన్ ఎత్తేస్తే నన్నెవరు పిలుస్తారు? ఈ పొడులు తూసుకుంటూ ఉండిపోవాలి. నీకు చెబుదామని మూడుసార్లు నీ కొట్టు గుమ్మం దాకా వచ్చాను. మొహం చెల్లలేదు."

"మూడుసార్లు వచ్చి, ఏం చేశావు?"

"ఓసారి బూటు లేసులు కొనుక్కుని పోయాను" అన్నాడు క్లైడ్.

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లే. ఆర్లో కొట్టు మూల ఉన్న టెలిఫోను దగ్గరికెళ్లి, కర్నల్ లోరింగ్ ఆఫీసు కలపమన్నాడు. చాలాసేపటికి గానీ ఆయన పలకలేదు.

"ప్రూయిట్, నేనే మీకు రాద్దామనుకుంటున్నాను" అన్నాడు లోరింగ్. "ఈ నెలాఖరుకి డివిజన్ రద్దు. ఎవరి దారి వాళ్లకి చూపించారు."

"నా దారేది?"

"మీ ఫారం రాలేదు కదా. మీ వయసుకి, మీ హోదాకి, గుర్రాలు తప్ప వేరే చోటు చూపించడానికి నా దగ్గర కాగితం లేదు. మిమ్మల్ని ఇంటి దగ్గర ఉండేవాళ్ల జాబితాలో వేశారు." ఆయన గొంతు తగ్గింది. "నేను చివరి రోజు సాయంత్రం దాకా ఆఫీసులో కూర్చున్నాను మీకోసం. అంత చెప్పి రాసినా మీరు పంపకపోతే నేనేం చెయ్యను?"

"ఏం రాశారు? నాకేం రాశారు?"

"ఉత్తరం. నవంబరులో థాంక్స్‌గివింగు పండగ అయిన రెండు రోజులకి. గడువింకా ఎనిమిది రోజులుంది అప్పటికి. మీ ఇంటి చిరునామాకే పంపాను, కొత్త ఫారంతో సహా. అందలేదా?"

ఆర్లో ఫోను పెట్టేశాడు. "ఏమన్నాడ్రా?" అని క్లైడ్ అడుగుతూనే ఉన్నాడు. జవాబు చెప్పకుండా బయటికొచ్చి, మంచులో టోపీ లేకుండా ఇంటికి నడిచాడు. దారిలో పోస్టుమాస్టరు పలకరించినా వినపడలేదు.

హుల్డా వంటింట్లో బంగాళాదుంపలు ఒలుస్తోంది. మధ్యాహ్నం పూట మొగుడు ఇంటికి రావడం చూసి, అతని జుట్టు మీద మంచు చూసి, కత్తి కింద పెట్టింది.

"లోరింగ్ నాకో ఉత్తరం రాశాడట" అన్నాడు ఆర్లో.

ఆమె బుకాయించలేదు. ఏడవలేదు. "రాశాడు" అంది.

"ఏది?"

"పొయ్యిలో వేశాను."

ఆర్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా పేరు మీద వచ్చిన ఉత్తరం" అన్నాడు.

"నీ పేరు మీదే. చింపి చదివాను. అది అందేసరికి ఇంకా ఆరు రోజులుంది గడువు. క్యాలెండరు చూసి లెక్కపెట్టుకునే ఊరుకున్నాను. పొరపాటున పోయిందని చెప్పొచ్చు నీకు, చెప్పను." ఆమె చేతులు తుడుచుకుంది. "మా అన్నని పంపేటప్పుడు స్టేషనులో నేను రుమాలు ఊపాను ఆర్లో. నవ్వుతూ ఊపాను. ఇంకోసారి నావల్ల కాదు. నువ్వు నన్ను తిట్టు, కొట్టు, మాట్లాడటం మానెయ్యి. బతికుండి మానెయ్యి. అది నేను పడతాను."

"పద్దెనిమిదేళ్లు నా యూనిఫారం ఇస్త్రీ చేశావు."

"అది తొడుక్కుని దాణాకొట్టు మేడ మీదికే వెళ్తున్నావు కనక చేశాను."

అదిగో, ఆ మాట తగిలింది. ఊరంతా నవ్వుతుంటే ఇంట్లో ఒకరు నమ్మారని అనుకున్నాడు అన్నాళ్లూ. ఆవిడకీ అది ఆటేనన్నమాట. గింజలతో ఆడుకునే మొగుడు ఇంటి పట్టున ఉంటాడని రొట్టెలు చేసి పంపిందన్నమాట. ఆరుగురు చేసింది వెన్నుపోటు, నిజమే, కానీ వాళ్లు కనీసం వెళ్లడానికి చేశారు.

పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి ఇంకిపోతుంటే హుల్డా లేచి గిన్నె దించింది.

"ఏం రాశాడు అందులో?" అన్నాడు ఆర్లో.

"ఇప్పుడెందుకది?"

"నా ఉత్తరం. చెప్పు."

హుల్డా నిలబడే చెప్పింది, గోడకేసి చూస్తూ. "ప్రియమైన ప్రూయిట్. మీవాళ్లు ఆరుగురి ఫారాలూ అందాయి. మీదొక్కటే రాలేదు. డివిజన్ నిలవదు, ఇది నేను మీకు చెప్పకూడని మాట. ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిన రిజర్వు ఆఫీసర్లు నాలుగు వందల మంది ఉంటారు. వాళ్లలో ఎవరి వెనక నడిచి యుద్ధానికి వెళ్తావని నన్నెవరైనా అడిగితే, మీ పేరు చెబుతాను. దయచేసి సంతకం పెట్టి పంపండి."

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

ఆమె మళ్లీ చెప్పింది. ఒక్క మాట తప్పలేదు, ఒక్క మాట ముందువెనకలు కాలేదు.

"ఎన్నిసార్లు చదివావు?"

"లెక్కలేదు. రెండు రోజులు దాచుకుని చదివాను."

"ఆ తర్వాత కాల్చావు."

"ఆ తర్వాతే కాల్చాను. ఆ మాటలు చదివితే నువ్వు ఒక్క పూట ఆగవని తెలిసి కాల్చాను."

బల్ల మీదున్న అతని చేతి మీద చెయ్యి వేయబోయింది హుల్డా. ఆర్లో చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో అతను అలా చెయ్యడం అదే మొదలు.